కొండపొలం ముందు, శప్తభూమి తర్వాత

రాయలసీమ నవలలు చదవాలనుకునేవాళ్లు చాలామంది అవార్డు పేరు చూసి నేరుగా బండి నారాయణస్వామి ‘శప్తభూమి’ పట్టుకుంటారు. 2019 కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దానికి రావడం న్యాయమే. కానీ 18వ శతాబ్దపు అనంతపురం, దాన్ని ఏలిన హండే పాలకులు, పాళెగాళ్లు, ఆడపిల్లను దేవుడికి అంకితమిచ్చే బసివి ఆచారం, కరువు అన్నీ ఒక్కసారిగా మీదపడతాయి. ఎవరు ఎవరి మనిషో తేలక, యాభై పేజీలు దాటకుండానే పుస్తకం అటకెక్కుతుంది.

అందుకే ముందు కడప జిల్లా రచయిత సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’ చదవండి. కరువుకాలంలో మేత, నీళ్లు లేక జీవాలను, అంటే గొర్రెల్ని మేకల్ని, నల్లమల అడవికి తోలుకుపోవడమే కొండపొలం. చదువుకుని ఉద్యోగం దొరకని కుర్రాడు మంద వెంట అడవికి పోతాడు. వాడికి అడవి కొత్త, మనకూ కొత్తే. కాపరుల మాట ఏదైనా వాడికి అర్థమయ్యేసరికి మనకూ అర్థమవుతుంది, నిఘంటువు అక్కర్లేదు. లోపం లేదా అంటే ఉంది: అడవి గురించి చెప్పే పాఠాలు కొన్నిచోట్ల కథను ఆపేస్తాయి. 2021లో క్రిష్ తీసిన సినిమా చూశాం కదా అని మాత్రం వదిలేయకండి. గొర్రెల కాపర్ల మాటలోని పదును పుస్తకంలోనే ఉంది.

యాస దగ్గర తడబడితే సంభాషణలను పైకి చదవండి. ‘పోతాండాడు’ కంటికి వింతగా ఉంటుంది, చెవికి ‘పోతున్నాడు’ అని వెంటనే తెలిసిపోతుంది. నారాయణస్వామి మరో నవల పేరే ‘గద్దలాడతండాయి’, అంటే ‘గద్దలాడుతున్నాయి’. ఆ ఒక్క క్రియ పట్టుబడితే సగం భయం పోతుంది.

ఇక ‘శప్తభూమి’. అట్టలో ఒక కాగితం పెట్టుకుని మనిషి పేరు, కులం లేదా వృత్తి, ఎవరి కొలువు అని మూడు వరుసల్లో రాసుకుంటూ పోండి. రోజుకు ముప్పై నలభై పేజీలు చాలు. వారం విడిచిపెడితే మళ్లీ మొదటికి రావాల్సిందే. ఒక్క కథానాయకుడి కోసం వెతకొద్దు, ఇది నేల కథ. సినిమాల్లో తొడగొట్టే సీమ కోసం వచ్చినవాళ్లకు ఇక్కడ దొరికేది తక్కువ. కోట లోపలి వైభవం కన్నా కోట బయటి ఆకలిని చూపించడంలోనే దీని బలముంది. అక్కడక్కడా చరిత్ర వివరం బరువెక్కుతుంది, ఆ పేజీలు నిదానంగా దాటండి.

పెద్ద పుస్తకానికి ఓపిక లేదంటే చిత్తూరు వైపు డాక్టర్ కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’ ఉంది. పందుల్ని మేపే ముసలివాడు, తప్పిపోయిన పంది, అడవి, ఒక రాత్రి. ఒక్కసారి కూర్చుంటే అయిపోతుంది. ముగింపు ఎవరినీ అడగొద్దు. ‘కొండపొలం’ తర్వాత దీన్ని చదివితే రెండు అడవుల తేడా బాగా తెలుస్తుంది.

కొనేముందు జిల్లా గ్రంథాలయంలో అడిగి చూడండి. కర్నూలువాళ్లు కొందరు 1872 నాటి ‘శ్రీరంగరాజ చరిత్ర’తో మొదలుపెట్టమంటారు, తొలి తెలుగు నవల మనదేనన్న మురిపెం అది. కర్నూలులో డిప్యూటీ కలెక్టరుగా పనిచేసిన నరహరి గోపాలకృష్ణమ శెట్టి రాసింది. పరిశోధనకైతే సరే, సాయంత్రం కాలక్షేపానికి మాత్రం కాదు.