పిచ్చుకా, చిట్టెలుకా: ఇంటికి ఏది మేలు?

రెండూ అరచేతిలో ఇమిడేవే. చిట్టెలుక 20 గ్రాములు అటూఇటూ, ఊరపిచ్చుక ఇంకాస్త బరువు. మనిషి ఒకచోట స్థిరపడి గింజలు దాచుకోవడం మొదలుపెట్టిన వేల ఏళ్ల నాటి నుంచీ రెండూ మన వెంటే ఉన్నాయి.

సంతానంలో ఎలుకను కొట్టేది లేదు. మూడు వారాలు మోసి ఐదారు పిల్లల్ని కంటుంది, ఆ పిల్లలు రెండు నెలలకే తల్లులవుతాయి. పిచ్చుక నాలుగైదు గుడ్లను దాదాపు రెండు వారాలు పొదిగి, మరో రెండు వారాలు పిల్లల నోటికి అందించాలి. ఆయుష్షు దగ్గరికొచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. బయట తిరిగే చిట్టెలుక ఏడాది దాటడమే కష్టం. పిచ్చుకల్లో, కాలికి రింగు వేసి గమనించినవాటిలో, పదేళ్లు దాటినవీ ఉన్నాయి. ఎగరగలిగితే పిల్లి నోటికి చిక్కడం తక్కువ మరి.

గోదావరి జిల్లాల్లో చూరుకు కట్టే వరి కంకుల కుచ్చు మీద పిచ్చుక వాలినప్పుడు గమనించండి. గింజను ముక్కు అంచున దొర్లించి, ఊక కింద రాల్చి, లోపలి బియ్యం మింగుతుంది. అదే చిట్టెలుక గోనెసంచి మూల కొరికిందంటే తినేది కొంచెం, నేలపాలయ్యేది, పెంటికలతో పాడయ్యేది ఎక్కువ. పైగా సాల్మొనెల్లా లాంటి రోగాల టెన్షన్.

పిచ్చుకా గింజలు తినేదే కదా అంటారు. చైనాలో 1958లో ఇలాగే ఎలుకలు, ఈగలు, దోమలతో పాటు పిచ్చుకలనూ చంపమన్నారు. అక్కడివి చెట్టు పిచ్చుకలు. అవి పోయాక పైరు మీద పురుగులు పెరిగాయి. 1960లో పిచ్చుకను ఆ జాబితా నుంచి తీసేసి నల్లిని చేర్చారు. ఎందుకంటే పిచ్చుక తన పిల్లలకు ఎక్కువగా పెట్టేది పురుగులే.

చిట్టెలుకకు చేసిన మేలు లేదనను. మనం వాడే ఎన్నో మందులు ముందు ల్యాబుల్లో దాని మీదే పరీక్షించారు. ఆ రుణం పెద్దది. అయినా ఇంట్లో మాత్రం నా ఓటు పిచ్చుకకే.

బాధేమిటంటే, పెంకుటిళ్లు పోయి స్లాబులు వచ్చాక గూటికి సందు లేక పిచ్చుక వెళ్లిపోయింది. చిటికెన వేలు పట్టే కంత చాలు కాబట్టి చిట్టెలుక మిగిలింది. వంటింటి పైపుల చుట్టూ ఉన్న కంతల్ని సిమెంటుతో పూడ్చండి. వరండాలో, ఫ్యాను రెక్కలకు దూరంగా, మూడు సెంటీమీటర్ల పైచిలుకు రంధ్రమున్న చెక్కపెట్టె ఒకటి బిగించండి.