రెండు రూల్స్ ఒకే పని చేస్తుంటే: డిసేబుల్ చేయాలా, సప్రెస్ చేయాలా?

ఈటీ ఓపెన్ అనే ఉచిత రూల్‌సెట్, దాని పక్కన మరో రెండు ఫీడ్‌లు (బయటివాళ్లు ఇచ్చే రూల్స్ జాబితాలు), పైన మన లోకల్ రూల్స్. ఇలా పేర్చుకున్న సురికాటా (నెట్‌వర్క్ ట్రాఫిక్‌లో దాడుల ఆనవాళ్లను రూల్స్‌తో వెతికే సాఫ్ట్‌వేర్) సెన్సర్‌లో ఒకే కనెక్షన్‌కి మూడు నాలుగు అలర్ట్‌లు పడటం మామూలే. అందుకే ఈ ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది: ఎక్కువైన రూల్‌ని డిసేబుల్.కాన్ఫ్ ఫైల్‌లో పెట్టి తీసేయాలా, త్రెషోల్డ్.కాన్ఫిగ్ ఫైల్‌లో సప్రెస్ చేస్తే (అలర్ట్ మాత్రం ఆపితే) సరిపోతుందా?

ఒకే ఎస్ఐడీ (రూల్ గుర్తింపు సంఖ్య) రెండు ఫీడ్‌లలో ఉంటే బెంగ అక్కర్లేదు. రూల్స్‌ని దించుకుని కలిపే సురికాటా-అప్‌డేట్ టూల్ రివిజన్ నంబర్ పెద్దదాన్ని ఉంచి రెండోదాన్ని వదిలేస్తుంది. చిక్కంతా ఎస్ఐడీలు వేరైనా పట్టుకునేది ఒకటే అయిన రూల్స్‌తోనే.

సప్రెస్ చేస్తే అలర్ట్ ఆగుతుంది, పని ఆగదు. రూల్ మెమరీలోనే ఉంటుంది. దాని ఫాస్ట్ ప్యాటర్న్ (రూల్‌లో అన్నిటికన్నా ముందు వెతికే ముక్క) ట్రాఫిక్‌లో తగిలినప్పుడల్లా మిగతా కంటెంట్‌లు (వెతికే అక్షరాల వరుసలు), పీసీఆర్ఈ (రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్) అన్నీ చూడాల్సిందే. ఐపీఎస్ మోడ్‌లో (సెన్సర్ ట్రాఫిక్‌ని చూడటమే కాక ఆపేసేటప్పుడు) ఇంకో ప్రమాదం ఉంది. డ్రాప్ రూల్‌ని సప్రెస్ చేస్తే అలర్ట్ మాయమవుతుంది, డ్రాప్ మాత్రం జరుగుతూనే ఉంటుంది. యూజర్ సైట్ తెరుచుకోవట్లేదంటాడు, అలర్ట్‌లలో చూస్తే ఏమీ ఉండదు. కాబట్టి సప్రెస్ ఒకే చోట సరైనది: రూల్ మంచిదే, కానీ మన వల్నరబిలిటీ స్కానర్ లాంటి ఒకట్రెండు ఐపీల దగ్గర అనవసరంగా మోగుతోంది. అప్పుడు బై సోర్స్ అని ఆ ఐపీ రాసి ఆపండి. ఐపీ రాయకుండా రూల్ మొత్తాన్ని సప్రెస్ చేయాల్సి వస్తోందంటే, దాదాపు ఎప్పుడూ దాన్ని డిసేబుల్ చేయడమే మేలు.

డిసేబుల్ చేస్తే రూల్ లోడే అవ్వదు. అలాగని సీపీయూ వాడకం వెంటనే పడిపోతుందని ఆశించకండి. పొడవైన, అరుదైన ఫాస్ట్ ప్యాటర్న్ ఉన్న రూల్స్‌ని వందలకొద్దీ తీసేసినా పెద్ద తేడా కనపడదు. భారమంతా రెండు మూడు బైట్ల ప్యాటర్న్ ఉన్నవాటిది, కంటెంటే లేకుండా పీసీఆర్ఈ మీద నడిచేవాటిది. ప్రొఫైలింగ్ ఆన్ చేసి బిల్డ్ చేసిన సురికాటా ఇచ్చే రూల్ పెర్ఫార్మెన్స్ లాగ్‌లో చెక్స్ లక్షల్లో, మ్యాచెస్ సున్నా ఉన్న వరుసలు చూడండి. ఆ బిల్డ్‌ని ప్రొడక్షన్ సెన్సర్ మీద పెట్టొద్దు, ప్రొఫైలింగే దాన్ని నెమ్మది చేస్తుంది. విడి మెషీన్ మీద పీక్యాప్ (పట్టి దాచిన ట్రాఫిక్ ఫైల్) ఆడించండి.

అయితే సీపీయూ కన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: తీసేసిన రూల్ పని మిగిలిన రూల్ నిజంగా చేస్తుందా? ఒక జత చూద్దాం. రెండూ "/admin" కోసమే వెతుకుతాయి. మొదటిది పాతకాలపు టీసీపీ రూల్, హెచ్‌టీటీపీ పోర్ట్స్ వేరియబుల్‌లో ఉన్న పోర్టుల మీద మాత్రమే, ముడి పేలోడ్‌లో చూస్తుంది. రెండోది హెచ్‌టీటీపీ రూల్, ఏ పోర్టైనా సరే, హెచ్‌టీటీపీ యూఆర్ఐ బఫర్‌లో (సురికాటా విడదీసి ఉంచిన వెబ్ అడ్రస్ భాగంలో) చూస్తుంది. పైపైన చూస్తే కవలలే. కానీ రిక్వెస్ట్‌లో "a" బదులు "%61" (అదే అక్షరానికి ఎన్‌కోడ్ చేసిన రూపం) వస్తే మొదటి రూల్‌కి అది కనపడదు. యూఆర్ఐ బఫర్ డీకోడ్ అయి ఉంటుంది కాబట్టి రెండోది పట్టేస్తుంది. పాత రూలే "%61dmin" అనే ఎన్‌కోడ్ చేసిన రూపం కోసం రాసినదైతే కథ తిరగబడుతుంది: అది కొత్త బఫర్‌లో ఎన్నటికీ తగలదు, డీకోడ్ చేయని రా యూఆర్ఐ బఫర్‌లోనే తగులుతుంది. మెసేజ్ పేర్లు ఒకేలా ఉన్నాయని తీసేసేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. బఫర్, దిశ, పోర్టులు, ఫ్లో ఆప్షన్ (కనెక్షన్ స్థితి షరతు) నాలుగూ పక్కపక్కన పెట్టి చూడాలి.

ఒక రూల్ విశాలమైనది, ఇంకోటి దానిలో ఇమిడిపోయేదైతే? ఇరుకుదాన్ని తీసేస్తే గుర్తింపు తగ్గదు గానీ, అలర్ట్ చూసేవాళ్లకు "ఇది ఫలానా మాల్వేర్" అన్న సమాచారం పోతుంది. నేనైతే ఇరుకుదాన్ని ఉంచి, విశాలమైనదానికి గంటకు ఒక్కసారే మోగేలా లిమిట్ త్రెషోల్డ్ పెడతాను.

ఫ్లోబిట్స్ (ఒక రూల్ కనెక్షన్ మీద పెట్టి, ఇంకో రూల్ చూసుకునే గుర్తులు) దగ్గర ఇంకా జాగ్రత్త. నోఅలర్ట్‌తో బిట్ సెట్ చేసే రూల్ ఎన్నడూ అలర్ట్ ఇవ్వదు, అందుకే "90 రోజుల్లో ఒక్కసారీ మోగలేదు" అనే జాబితాలో ముందు అదే కనిపిస్తుంది. దాన్ని తీసేస్తే ఆ బిట్ మీద ఆధారపడిన రూల్స్ చప్పుడు లేకుండా చచ్చిపోతాయి. సురికాటా-అప్‌డేట్ అలాంటివాటిని మళ్లీ ఎనేబుల్ చేస్తుంది. రూల్స్ ఫైల్‌ని చేత్తో దిద్దేవాళ్లకు ఆ రక్షణ ఉండదు, పైగా దిద్దినదంతా తర్వాతి అప్‌డేట్‌లో పోతుంది. లోడ్ చేసేటప్పుడు "బిట్ చెక్ చేస్తున్నారు, సెట్ చేయట్లేదు" అనే వార్నింగ్ వస్తే దాటేయకండి.

పాస్ రూల్స్ (తగిలిన ట్రాఫిక్‌ని తనిఖీ లేకుండా వదిలేసేవి), బీపీఎఫ్ ఫిల్టర్ (ట్రాఫిక్‌ని సెన్సర్‌కి చేరకముందే వడకట్టేది) ఈ పనికి కావు. అవి రూల్స్‌ని తగ్గించవు, ట్రాఫిక్‌నే కళ్లకు కనపడకుండా చేస్తాయి. బ్యాకప్ ట్రాఫిక్ లాంటివాటికి మాత్రం వాడుకోవచ్చు.

డిసేబుల్.కాన్ఫ్‌లో రాసేటప్పుడు ఎస్ఐడీతోనే రాయండి. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో "వర్డ్‌ప్రెస్" అని రాస్తే ఈరోజు రూల్స్‌తో పాటు వచ్చే నెల రాబోయే కొత్తవీ పోతాయి. గ్రూప్ మొత్తం తీసేయడం మన నెట్‌వర్క్‌లో అసలు లేని సర్వీసులకే.

మార్చే ముందు ఒక పనిరోజు పీక్యాప్‌ని పాత రూల్స్‌తో, కొత్త రూల్స్‌తో విడివిడిగా ఆడించండి. క్యాప్చర్‌లో ఆఫ్‌లోడ్ వల్ల (లెక్కను నెట్‌వర్క్ కార్డుకి వదిలేయడం వల్ల) చెక్‌సమ్‌లు (ప్యాకెట్ చెడిందో లేదో చూసే సంఖ్యలు) తప్పుగా ఉండొచ్చు కాబట్టి చెక్‌సమ్ తనిఖీ ఆపేయండి, లేకపోతే రెండుసార్లూ అలర్ట్‌లు తక్కువే వచ్చి అంతా బాగున్నట్టు కనిపిస్తుంది. సోర్స్, డెస్టినేషన్ ఐపీలు, పోర్టులు కలిపి పోల్చండి. పాతదాంట్లో అలర్ట్ ఉండి కొత్తదాంట్లో ఒక్కటీ లేని కనెక్షన్ కనిపిస్తే, ఆ రూల్ డూప్లికేట్ కాదు.

తీసేసిన ప్రతి ఎస్ఐడీ పైన కామెంట్‌లో దాని పని చేస్తున్న ఎస్ఐడీని, తేదీని రాసిపెట్టండి. ఫీడ్‌వాళ్లు రేపు ఆ రెండో రూల్‌నే డిసేబుల్ చేయొచ్చు. అప్పుడది సురికాటా.రూల్స్ ఫైల్‌లో హ్యాష్ గుర్తు (#) వెనక్కి వెళ్తుంది, సెన్సర్ ఏ ఫిర్యాదూ చేయదు. ప్రతి అప్‌డేట్ తర్వాత ఆ కామెంట్లలోని ఎస్ఐడీలు హ్యాష్ లేకుండా ఉన్నాయో లేదో చూసే నాలుగు లైన్ల స్క్రిప్ట్ రాసుకుని, అది పాసైతేనే రూల్స్ రీలోడ్ అయ్యేలా పెట్టుకోండి.