పామ్ జుమేరాలో బస: ఎక్కడ దిగాలి, ఎక్కడ వద్దు

దుబాయ్ వెళ్తున్నాం, సముద్రంలో ఇసుక పోసి కట్టిన పామ్ జుమేరా దీవి మీద హోటల్ తీసుకోవాలా, బయట ఉండి చూసి వచ్చేయాలా అని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. ఉండాలనే కోరిక ఉంటే దీవి మధ్యలో చెట్టు కాండంలా ఉండే మాను మీద ఉండండి. దీవి చుట్టూ ఉన్న నెలవంక మీద గది తీసుకుంటే హోటల్ గేటు దాటి బయటకు రావాలన్నా టాక్సీయే దిక్కు.

ఎప్పుడూ వెళ్ళనివాళ్ళ కోసం కాస్త వివరంగా. ఈ దీవి ఖర్జూరం చెట్టు ఆకారంలో ఉంటుంది. ఒడ్డు నుంచి నేరుగా సముద్రంలోకి వెళ్ళేది మాను. దానికి అటూ ఇటూ మట్టలు, వాటి చుట్టూ 11 కిలోమీటర్ల నెలవంక లాంటి రాతికట్ట. మట్టల మీద విల్లాలుంటాయి, గేట్లూ సెక్యూరిటీ ఉంటాయి కాబట్టి మనలాంటివాళ్ళకు లోపల పనిలేదు. మాను మీద నఖీల్ మాల్, అపార్ట్‌మెంట్లు, పార్కు, తిండికి పది రకాల చోట్లు ఉన్నాయి. అట్లాంటిస్ లాంటి పెద్ద పెద్ద రిసార్టులు మాత్రం నెలవంక మీద ఉన్నాయి. అక్కడికి సముద్రం అడుగున సొరంగంలోంచి వెళ్ళాలి.

మేము మొదట నెలవంక మీదే దిగాం. గది బాగుంది, బాల్కనీలోంచి సిటీ అంతా కనిపిస్తుంది, కాదనను. బీచ్ దగ్గరికి వెళ్ళేసరికి మావాడు "నాన్నా, ఇది సముద్రమా, చెరువా?" అన్నాడు. అసలు అలలే లేవు. హోటల్ బీచ్ కట్టకు లోపలివైపు ఉంటుంది. అసలు సముద్రం కట్టకు అవతల, పెద్ద పెద్ద బండరాళ్ళకు తగులుతూ ఉంటుంది. చిన్నపిల్లలతో వెళ్ళేవాళ్ళకు ఇది వరమే, నడుములోతు నీళ్ళలో భయం లేకుండా ఆడుకుంటారు. వైజాగ్ ఆర్కే బీచ్ అలలకు అలవాటుపడినవాళ్ళకు మాత్రం అర్ధగంటలో విసుగొస్తుంది.

ఆ నిశ్చలత్వం వెనక కట్టినవాళ్ళ తలనొప్పి కూడా ఉంది. మొదట ఈ రాతికట్టను ఎక్కడా ఖాళీ లేకుండా గీశారట. అలా కడితే లోపలి నీరు మారక నిలవ ఉండిపోతుందని తేలి, మధ్యలో రెండు చోట్ల దారి వదిలారు, ఇప్పుడు పోటుపాట్లకు నీరు వచ్చి పోతుంది. చుట్టూ అంత ఎడారి పెట్టుకుని ఇసుక కూడా సముద్రం అడుగు నుంచే తోడాల్సి వచ్చింది, ఎందుకంటే ఎడారి ఇసుక మరీ సన్నగా, నునుపుగా ఉండి పట్టు నిలవదు. 2001లో పని మొదలుపెట్టి సుమారు 9.4 కోట్ల ఘనపు మీటర్ల ఇసుకను ఓడల మీంచి చిమ్మి పోశారు, తర్వాత కదిలించి కదిలించి గట్టిపరిచారు. బీచ్‌లో గుప్పెడు ఇసుక తీసి చూస్తే గవ్వ పెంకుల ముక్కలు చేతికి గుచ్చుకుంటాయి.

ఇక బిల్లు. ఆన్‌లైన్‌లో కనిపించే రేటు చూసి సంబరపడొద్దు. సర్వీస్ చార్జీ 10 శాతం, మునిసిపాలిటీ ఫీజు 7, వ్యాట్ 5 అందులో కలిపారో లేదో చూసుకోండి. పైగా పెద్ద హోటళ్ళలో గదికి రాత్రికి 20 దిర్హాముల టూరిజం ఫీజు కౌంటర్ దగ్గర విడిగా తీసుకుంటారు. మేము దిగిన హోటల్‌లో డిపాజిట్ అంటూ కార్డు మీద బ్లాక్ చేసిన సొమ్ము తిరిగి వచ్చేవరకు నాకు టెన్షనే. భోజనం సంగతి అక్కడ బగ్గీ నడిపే జగిత్యాల కుర్రాడు ఒక్క ముక్కలో తేల్చేశాడు: "అన్నా, గీడ ఒక్క చాయ్ పైసలతోని కరామల కడుపునిండ తినొచ్చు." ఆ రాత్రే సిటీలోని కరామా ఏరియాకు వెళ్ళి అన్నం, పప్పు తిని వచ్చాం.

తర్వాత మాను మీద ఒక అపార్ట్‌మెంట్‌కు మారాం. వంటగది ఉంది, కింద సూపర్ మార్కెట్ ఉంది, షార్జాలో ఉండే మా తోడల్లుడి వాళ్ళు వచ్చిపోవడానికీ వీలైంది. మోనోరైలు దగ్గరే. 2009లో మొదలైన ఆ రైల్లో ప్రయాణం సరదాగా ఉంటుంది కానీ అది నేరుగా మెట్రోకు కలవదు, మెట్రో దిగి ట్రామ్ ఎక్కి, ట్రామ్ దిగి మళ్ళీ నడవాలి. లగేజీతో అయితే ఆ ఆలోచన మానుకోండి.

చెట్టు ఆకారం కింద నుంచి ఎక్కడా కనిపించదు, రోడ్డు మీద ఉన్నంతసేపూ మామూలు కాలనీలో ఉన్నట్టే ఉంటుంది. అందుకే పామ్ టవర్ 52వ అంతస్తులో ఉన్న, పైనుంచి దీవిని చూసే 'ది వ్యూ' గ్యాలరీకి టికెట్ పెట్టడం నా లెక్కలో దండగ కాదు. 240 మీటర్ల ఎత్తు నుంచి మట్టలన్నీ విడివిడిగా కనిపిస్తాయి. సూర్యాస్తమయం వేళ టికెట్ ఎక్కువ, జనమూ ఎక్కువ. చలికాలంలో పొద్దున్నే వెళ్తే మసక లేకుండా ఉంటుంది.

దుబాయ్‌లోనే ఉన్న వరల్డ్ ఐలాండ్స్ సంగతి వేరు. ప్రపంచపటం ఆకారంలో దాదాపు 300 దీవులు, 2003లో మొదలుపెట్టి 2008కి ఇసుక పోయడం ముగించారు, సరిగ్గా అప్పుడే ఆర్థిక సంక్షోభం ముంచుకొచ్చి కొన్నవాళ్ళు చేతులెత్తేశారు. వంతెన లేదు. మనిషి వెళ్ళాలన్నా, సరుకు చేరాలన్నా పడవే. రిసార్టులు కొన్ని నడుస్తున్నాయి, కానీ పడవలో వెళ్తుంటే ఎక్కువగా కనిపించేది ఖాళీ ఇసుక దిబ్బలే. హనీమూన్ జంటలకు సరే. పిల్లలతో ఒక పూట వెళ్ళి రావడానికి కూడా ఖర్చు ఎక్కువే అనిపించింది. ఇలాగే ఆగిపోయిన ఇంకో దీవి పామ్ జెబెల్ అలీ, పామ్ జుమేరాకు దాదాపు రెట్టింపు ఉంటుంది. దానికి 2023లో కొత్త ప్లాన్ ప్రకటించారు, టూరిస్టులకు దాంతో ఇప్పుడే పనిలేదు.

బడ్జెట్ తక్కువగా ఉన్నవాళ్ళు సిటీలోని డేరా ఏరియా వైపున్న దుబాయ్ ఐలాండ్స్ చూడండి. అవీ పూడ్చి కట్టిన దీవులే, ఎయిర్‌పోర్టుకు దగ్గర, పిల్లలకు వాటర్ పార్కు ఉన్న హోటళ్ళు పామ్ కన్నా తక్కువలో దొరుకుతాయి. చుట్టుపక్కల ఇంకా కట్టడాలు సాగుతున్నాయి కాబట్టి బుక్ చేసేముందు కొత్త ఫొటోలు అడిగి చూసుకోండి. జూన్ నుంచి సెప్టెంబర్ వరకు రేట్లు బాగా పడతాయి గానీ మధ్యాహ్నం బీచ్‌లో కాలు పెట్టలేరు.