ఓల్డ్ ట్రాఫర్డ్ మ్యూజియం, స్టేడియం టూర్: నాన్నతో వెళ్లొచ్చాను

నాన్నకి ఫుట్‌బాల్ పెద్దగా తెలియదు. లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. మాంచెస్టర్ యునైటెడ్ గ్రౌండ్‌కి తీసుకెళ్తే విసుక్కుంటారేమోనని టెన్షన్ పడ్డాను. ట్రామ్ దిగితే ముందు కనిపించేది క్రికెట్ గ్రౌండ్. "1990లో మన అజహర్ 179 కొట్టింది ఇక్కడేనా?" అంటూ అక్కడే కాసేపు నిలబడిపోయారు. ఫుట్‌బాల్ స్టేడియం అక్కణ్నుంచి పది నిమిషాల నడక.

టూర్ కంటే ముందు మ్యూజియం చూడండి, అప్పుడే లోపల చూసేవాటికి అర్థం తెలుస్తుంది. 1998లో పెలే ప్రారంభించిన మ్యూజియం ఇది. ఈ క్లబ్బును 1878లో పెట్టుకున్నది న్యూటన్ హీత్ రైల్వే డిపోలో బోగీలు, వ్యాగన్లు బాగుచేసే కార్మికులు. అప్పటి జెర్సీ ఎరుపు కాదు, ఆకుపచ్చ, బంగారు రంగు. ఇది చెప్పగానే నాన్న మొహం మారిపోయింది. "మనోళ్లేరా వీళ్లు!" అన్నారు. ఇక అక్కణ్నుంచి కదిలితే ఒట్టు. అప్పులతో మూతపడబోతుంటే జాన్ హెన్రీ డేవిస్ అనే బీరు వ్యాపారి ఆదుకున్నాడు, 1902లో పేరు మాంచెస్టర్ యునైటెడ్‌గా మార్చారు. కెప్టెన్ హ్యారీ స్టాఫర్డ్ కుక్క తప్పిపోయి డేవిస్ దగ్గరికి చేరిందని, అలా ఇద్దరికీ పరిచయమైందని చెబుతారు. ఇంటికొచ్చాక నాన్న అమ్మకి ఫోన్‌లో ముందు చెప్పింది ఆ కుక్క కథే.

కప్పుల గది చూసి పిల్లలు కేరింతలు కొడతారు. నాకు మాత్రం మనసు మ్యూనిక్ దగ్గరే ఆగిపోతుంది. 1958 ఫిబ్రవరి 6న బెల్‌గ్రేడ్‌లో మ్యాచ్ ఆడి తిరిగొస్తున్న యునైటెడ్ జట్టు విమానం, మధ్యలో ఆగిన మ్యూనిక్‌లో రన్‌వే మీద మంచు బురదలో మూడోసారి ఎగరబోయి కూలిపోయింది. 23 మంది పోయారు, అందులో 8 మంది ఆటగాళ్లు. పదమూడు రోజులకే ఇక్కడ షెఫీల్డ్ వెన్స్‌డే క్లబ్బుతో మ్యాచ్. ఎవరు ఆడతారో తెలియక, ఆ రోజు అమ్మిన ప్రోగ్రామ్ పుస్తకంలో యునైటెడ్ వైపు పదకొండు పేర్ల చోటూ ఖాళీగా వదిలేశారు. 3-0తో గెలిచారు. అప్పటికి ప్రమాదంలో గాయపడ్డ ఆటగాడు డంకన్ ఎడ్వర్డ్స్ ఇంకా ఆస్పత్రిలో ప్రాణాలతో పోరాడుతున్నాడు. రెండు రోజుల తర్వాత పోయాడు. వయసు 21. ఆ ప్రమాదంలో బతికి బయటపడ్డ మేనేజర్ మ్యాట్ బస్బీ, ఆటగాడు బాబీ చార్ల్‌టన్ పదేళ్లకు, 1968లో, యూరోపియన్ కప్ గెలిచారు. ఫైనల్లో చార్ల్‌టన్‌వి రెండు గోల్స్.

బయట గోడ మీద మ్యూనిక్ గడియారం ఉంది. పైన తేదీ, కింద ఊరి పేరు, అంతే. ఆ చలిలో నాన్న ఉన్ని టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డారు.

టూర్‌లో డ్రెస్సింగ్ రూమ్, డగౌట్ అన్నీ చూపిస్తారు. నాకు ముఖ్యం పాత టన్నెల్, అంటే ఆటగాళ్లు మైదానంలోకి వచ్చే దారి. 1941 మార్చిలో జర్మన్ బాంబులు పడి స్టేడియం చాలావరకు పోయింది, 1949 దాకా మాంచెస్టర్ సిటీ క్లబ్బు వాళ్ల మెయిన్ రోడ్ గ్రౌండ్‌లోనే ఆడుకున్నారు. 1910లో కట్టినదాంట్లో మిగిలింది ఈ టన్నెలే. నాన్న గోడ మీద అరచెయ్యి ఆనించి చూశారు.

మ్యాచ్ రోజుల్లో టూర్ ఉండదు, ముందే ఆన్‌లైన్‌లో టికెట్ తీసుకోండి. పెద్దవాళ్లతో వెళ్తే సగం రోజు పెట్టుకోండి. న్యూటన్ హీత్‌లో ఇప్పటికీ రైల్వే డిపో ఉందని చెప్పాను. వచ్చే ఆదివారం అక్కడికి తీసుకెళ్లమన్నారు నాన్న.