సౌండ్ బఫర్‌కు మెమరీ: బూట్‌లోనే పట్టుకోవాలా, పాట మొదలయ్యేటప్పుడు అడగాలా?

కావలి దగ్గర మా ఊరి గుడిలో తెల్లవారుజామున 5 గంటలకు సుప్రభాతం వేయడానికి ఒక చిన్న బోర్డు పెట్టాను. 256 ఎంబీ మెమరీ, లినక్స్, ఒక సౌండ్ చిప్పు, దాని వెనక ఆంప్లిఫయర్. ప్రోగ్రామ్ రోజూ ఆ వేళకు సౌండ్ డివైజ్‌ను తెరుస్తుంది, పాట అయ్యాక మూసేస్తుంది. నెలన్నర ఏ ఇబ్బందీ లేదు. ఒకరోజు పూజారిగారు ఫోన్ చేశారు. “ఏం అబ్బాయా, ఈ పొద్దు సుప్రభాతం రాలా?”

పోయి చూస్తే బోర్డు నడుస్తూనే ఉంది. వైర్లన్నీ సరిగానే ఉన్నాయి. మెమరీ సగానికి పైగా ఖాళీ. కానీ లాగ్‌లో కెర్నల్ (లినక్స్‌లో మెమరీని పంచిపెట్టే మూల భాగం) ‘మెమరీ ఇవ్వలేకపోయాను, ఆర్డర్ 7’ అని రాసి పెట్టింది. అడిగింది సౌండ్ బఫర్‌కు, అంటే చిప్పు చదువుకునే శబ్దాన్ని నిల్వ పెట్టే జాగాకు.

ఆ 7 అంకెలోనే విషయమంతా ఉంది. లినక్స్ కెర్నల్ మెమరీని సాధారణంగా 4 కేబీ పేజీలుగా చూస్తుంది. ఖాళీ పేజీలను 1, 2, 4, 8 ఇలా రెట్టింపయ్యే కట్టలుగా పెట్టుకుంటుంది. ఆర్డర్ 7 అంటే ఒకటిని ఏడుసార్లు రెట్టింపు చేస్తే వచ్చే 128 పేజీలు, అంటే 512 కేబీ, మధ్యలో తెగకుండా ఒకే వరుసలో కావాలి. నెల్లూరు ఆత్మకూరు బస్టాండులో బస్సెక్కిన కుటుంబాన్ని అనుకోండి. బస్సులో ఇరవై సీట్లు ఖాళీగానే ఉంటాయి, నలుగురికి పక్కపక్కన మాత్రం దొరకవు. వారాల తరబడి ఆపకుండా నడిచిన మెషీన్‌లో మెమరీ పరిస్థితీ ఇంతే.

ఒకే వరుసలో ఎందుకు కావాలంటే, సౌండ్ చిప్పు డీఎంఏ పద్ధతిలో ప్రాసెసర్ సాయం లేకుండా తనే మెమరీలోంచి శబ్దాన్ని చదువుకుంటుంది. చౌక చిప్పులకు తెలిసింది రెండే సంగతులు: మొదలు ఎక్కడ, పొడవు ఎంత. చివరిదాకా పోయి మళ్లీ మొదటికొస్తాయి, అంతే. పాత పీసీల్లో గుచ్చే ఐఎస్ఏ కార్డుల రోజుల్లో ఇంకా కష్టం. బఫర్ మొదటి 16 ఎంబీలోనే ఉండాలి, 8 బిట్ల చానల్ అయితే 64 కేబీ గీతను దాటకూడదు. అందుకే ఆ కాలం డ్రైవర్లు (చిప్పును నడిపించే ప్రోగ్రాములు) మెషీన్ లేవగానే జాగా పట్టేసేవి.

మా బోర్డు డ్రైవర్ అలా చేయలేదు. డివైజ్ తెరిచిన ప్రతిసారీ అడిగేది, మూయగానే తిరిగి ఇచ్చేసేది. చదవడానికి ఇది పొదుపుగా కనిపిస్తుంది. నిజానికి ఆ పొదుపు ఎంత? 256 ఎంబీలో 512 కేబీ అంటే అయిదు వందల్లో ఒక వంతు కంటే తక్కువ. దానికోసం ప్రతి తెల్లవారుజామునా ‘దొరుకుతుందా లేదా’ అనే టెన్షన్ పెట్టుకోవడం నా దృష్టిలో తప్పు. ఒకే పని చేసే మెషీన్, సాదా చిప్పు, నెలలపాటు ఆపని నడక: ఈ మూడూ ఉన్నచోట బస్సు ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టుకున్నట్టు, బూట్‌లోనే పట్టుకోవడమే మేలు.

ఒంగోలులో రికార్డింగ్ గది నడిపే మా బావమరిది ఈ కథ విని, తన డెస్క్‌టాప్‌లో కూడా అలాగే పెద్ద బఫర్ పట్టించమన్నాడు. అక్కడ వద్దన్నాను. అతని మెషీన్‌లోది హెచ్‌డీ ఆడియో అనే రకం సౌండ్ చిప్పు. ఆ కంట్రోలర్‌కు పేజీలు చెల్లాచెదురుగా ఉన్నా ఫర్వాలేదు. ఏ ముక్క ఎక్కడుందో ఒక జాబితా రాసిస్తే, కండక్టర్ తన చార్టు చూసి ఎక్కడ కూర్చున్న ప్రయాణికుడినైనా వెతుక్కున్నట్టు వరుసగా చదువుకుంటుంది. దీన్నే స్కాటర్-గ్యాదర్ అంటారు. జాబితాలో 256 ముక్కల దాకా రాయొచ్చు. ఒక్కోటి 4 కేబీయే అనుకున్నా 1 ఎంబీ అవుతుంది. 48,000 హెర్ట్జ్, 16 బిట్ల స్టీరియోకు సెకనుకు 1,92,000 బైట్లు చాలు కాబట్టి అది అయిదు సెకన్ల పైమాటే. అలాంటి చిప్పుకు ముందే పట్టి పెట్టడం అనవసరం, అవసరమైనప్పుడు అడిగితే దొరుకుతుంది.

అతను గొంతు రికార్డు చేసే యూఎస్‌బీ పెట్టె సంగతి వేరు. అక్కడ డ్రైవర్ పెద్ద బఫర్‌కూ చిన్న చిన్న యూఎస్‌బీ ప్యాకెట్లకూ మధ్య డేటాను కాపీ చేస్తుంది కాబట్టి, పెద్ద బఫర్ నిజం మెమరీలో వరుసగా ఉండనక్కర్లేదు. ఈ చర్చ దానికి వర్తించదు.

మధ్యేమార్గం కూడా ఉంది, లినక్స్‌లో శబ్దం పని చూసే ఆల్సాలో అది చాలాకాలంగా ఉంది. డ్రైవర్ మొదట్లోనే కొంత పట్టి పెడుతుంది. ప్రోగ్రామ్ అడిగింది అందులో సరిపోతే అదే ఇస్తుంది, ఎక్కువ అడిగితే అప్పుడు కొత్తగా వెతుకుతుంది. పట్టిన సైజును, కెర్నల్ తన వివరాలు చూపించే ప్రోక్ ఫోల్డర్‌లో సౌండ్ కార్డు కింద ఉన్న ‘ప్రీఅలాక్’ ఫైల్‌లో కేబీల్లో చూడొచ్చు, రూట్ యూజర్ (అన్ని అధికారాలూ ఉన్న యూజర్) అయితే మార్చొచ్చు. డివైజ్ తెరిచి ఉన్నప్పుడు మాత్రం మార్చనివ్వదు. మీ డ్రైవర్‌కు ఈ సౌకర్యం ఉంటే నేను దీన్నే ఎంచుకోమంటాను. ఎందుకంటే రోజువారీ పని పట్టిన జాగాలోనే జరిగిపోతుంది, ఎప్పుడో ఒకసారి వచ్చే పెద్ద అవసరానికీ దారి మూసుకుపోదు.

ఏ పద్ధతి ఎంచుకున్నా ఒక్కటి మాత్రం చేయకూడదు. పాట నడుస్తుండగా, ఇంటరప్ట్ (చిప్పు ప్రాసెసర్‌ను పిలిచే సంకేతం) వచ్చిన క్షణంలో, మెమరీ అడగకూడదు. అక్కడ ఆగి వెతికే వ్యవధి ఉండదు. దొరక్కపోతే శబ్దం తెగిపోతుంది.

గుడి బోర్డు డ్రైవర్ కోడ్‌లో జాగా అడిగే వరుసను డివైజ్ తెరిచే చోటు నుంచి తీసి, చిప్పును మొదటిసారి గుర్తించే చోట పెట్టాను. పనిలో పనిగా సైజు కూడా తగ్గించాను. పై లెక్కనే 512 కేబీ అంటే దాదాపు రెండు ముప్పావు సెకన్ల శబ్దం. సుప్రభాతానికి అంత అక్కర్లేదు. 128 కేబీ పెడితే సెకనులో మూడింట రెండు వంతులు నిల్వ ఉంటుంది, ఆర్డర్ కూడా 7 నుంచి 5కు దిగుతుంది. మార్చాక బోర్డును నెలల తరబడి ఆపలేదు. పూజారిగారు దాని గురించి మళ్లీ ఫోన్ చేయలేదు.