సూర్యారావుపేట టీకా క్లినిక్: సూదికి పూర్తి మార్కులు, ల్యాబ్ కౌంటర్‌కి సగమే

విజయవాడ సూర్యారావుపేటలోని ఈ చిన్న క్లినిక్‌లో హెపటైటిస్ బి టీకా వేసే తీరుకి వంక పెట్టలేం. ఫ్రిజ్ తలుపు మీద ఉష్ణోగ్రత చార్టు ఉంది, రోజుకు రెండుసార్లు రాస్తున్నారు. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఈ మందు ఒక్కసారి గడ్డకట్టిందంటే పారేయాల్సిందే. నర్సు సీసాను బాగా కుదిపి, మందు తెల్లగా కలిశాక 1 మి.లీ. తీసి భుజం కండకే వేస్తుంది. పిరుదుకు వేయమన్నా ఒప్పుకోదు. అక్కడ మందు కొవ్వులో ఆగిపోయి రక్షణ సరిగా రాదు.

0, 1, 6 నెలల తేదీలు, బ్యాచ్ నంబరు కార్డు మీద రాసిస్తారు. డోసు ఆలస్యమైతే మొదటికి రారు, ఆగిన చోటి నుంచే వేస్తారు. సరైన పద్ధతి.

చిక్కంతా ల్యాబ్ కౌంటర్ దగ్గరే. 'హెపటైటిస్ బి టెస్ట్' అంటే హెచ్‌బీఎస్‌ఏజీ బిల్లు కొట్టేస్తారు. అది వైరస్ ఉందో లేదో చెబుతుంది, అంతే. రక్షణ తెలియాలంటే బిల్లు మీద 'యాంటీ హెచ్‌బీఎస్, క్వాంటిటేటివ్' అని ఉండాలి, అంటే రక్షణనిచ్చే యాంటీబాడీ ఎంతుందో కొలిచే పరీక్ష. మూడో డోసు తర్వాత 1-2 నెలలకు రక్తం ఇవ్వాలి. 10 ఎంఐయూ/మి.లీ., ఆపైన వస్తే రక్షణ వచ్చినట్టే. రిపోర్టులో 'పాజిటివ్' చూసి హడలిపోకండి, ఇక్కడ అది మంచి కబురు.

10 లోపు వస్తే మరో మూడు డోసులు, మళ్లీ పరీక్ష. అప్పటికీ రాకపోతే హెచ్‌బీఎస్‌ఏజీ, యాంటీ హెచ్‌బీసీ (వైరస్ ఎప్పుడైనా సోకిందేమో చెప్పే పరీక్ష) చూడాలి. ఈ మాట కౌంటర్‌లో ఎవరూ చెప్పరు, డాక్టర్‌నే అడగండి. నర్సులు, ల్యాబ్ సిబ్బంది, డయాలసిస్ రోగులు యాంటీ హెచ్‌బీఎస్ పరీక్ష వదలకూడదు. ఆరోగ్యంగా ఉన్న మిగతావాళ్లకు సాధారణంగా అక్కర్లేదు.