నీళ్ళలో ముఖాలు తీయడానికి ఒలింపస్ టఫ్ టీజీ-6: నాలుగు వేసవుల వాడకం తర్వాత

మియాపూర్‌లో మేముండే అపార్టుమెంటు ఈతకొలను లోతు అయిదడుగులు. ఈ కెమెరాతో నేను తీసిన ఫొటోల్లో ముప్పాతిక వంతు అక్కడివే. 15 మీటర్ల లోతును తట్టుకునే కెమెరాకు అయిదడుగుల నీళ్ళు ఏపాటి అనుకోవచ్చు. కానీ ముఖం తీయడానికి లోతు కాదు, వెలుతురు కావాలి. అది ఉండేది పైనే.

మొదటి వేసవంతా అవతలి గోడ దగ్గరున్న మనిషిని జూమ్ చేసి తీశాను. ఒక్కటీ నచ్చలేదు. అన్ని ముఖాలూ నీలిపచ్చగా పాలిపోయాయి. నీరు ముందుగా ఎరుపునే మింగేస్తుంది. వెలుతురు పైనుంచి దిగి, ముఖాన్ని తాకి, కెమెరాను చేరే దారంతా ఆ లెక్కలోకి వస్తుంది. ఇప్పుడు జూమ్ ముట్టను, మూడడుగుల దగ్గరికి వెళ్తాను. జూమ్ చేయనప్పుడు లెన్సు, ఫిల్మ్ కెమెరాల లెక్కలో, 25 మిల్లీమీటర్లకు సమానం, అంటే చాలా వెడల్పుగా చూస్తుంది. నీళ్ళలో వక్రీభవనం వల్ల అన్నీ మూడో వంతు పెద్దవిగా కనిపిస్తాయి కాబట్టి అది 33 లాగా, కాస్త ఇరుకు చూపుతో పనిచేస్తుంది. భుజాల దాకా చక్కగా సరిపోతుంది. బరువు సుమారు 250 గ్రాములే. ఒక చేత్తో మెట్ల కడ్డీ పట్టుకుని అడుగున నిలబడి, రెండో చేత్తో తీయగలుగుతున్నాను. ఈ కెమెరా విలువ నాకు అక్కడే తెలిసింది.

దీనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ప్రో క్యాప్చర్. బటన్ పూర్తిగా నొక్కడానికి అర సెకను ముందు నుంచే ఫొటోలు దాచిపెడుతుంది. నీళ్ళలో ఎవరి ముఖమైనా బిగుసుకునే ఉంటుంది. కొంచెం ఊపిరి వదిలాక ఒక్క క్షణం సడలుతుంది, కళ్ళు తెరుచుకుంటాయి, అంతే. చూసి నొక్కేసరికి ఆ క్షణం దాటిపోతుంది. కూచిపూడి నేర్చుకుంటున్న మా అక్క కూతురి ముఖం అలాగే దొరికింది. గట్టు మీద తెర చూసి, "అమ్మమ్మలా ఉన్నాను పిన్నీ" అంది. నిజమే, ఆ నిమ్మళం మా అమ్మదే.

ఏప్రిల్‌లో ఉదయం పది దాటాక ఎండ అలల మీద పడి చెంపలపై వెలుగు వల అల్లుతుంది. మనిషిని పైపొరకు చేరువలో ఉంచి, కెమెరాను కిందికి దించి ఏటవాలుగా పైకి చూస్తే నీటి పైభాగం అద్దమై రెండో ముఖం చూపిస్తుంది. ఫ్లాష్ మాత్రం వద్దు. లెన్సు పక్కనే ఉండటంతో నీటిలోని నలుసులన్నీ తెల్లగా మెరుస్తాయి. గంట ముందు మోటారు ఆపమని కొలను చూసుకునే ఆయనను అడుగుతాను, మడ్డి అడుగుకు చేరుతుంది. నీటి అడుగు వైట్ బ్యాలెన్స్ (రంగులు సరిచేసే అమరిక) ఉన్నా, రా ఫైలు (కెమెరా మార్పులు చేయని ముడి ఫొటో) తీసి ఇంట్లో సరిచేసుకోవడమే మేలు.

లోటు సెన్సార్, అంటే వెలుతురును ఫొటోగా మార్చే చిప్. 12 మెగాపిక్సెళ్ళు చాలు, కానీ సెన్సార్ చిన్నది. జూలై మబ్బులో ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) పెరిగితే చర్మం మైనపు బొమ్మలా వస్తుంది. నేను 400 దాటనివ్వను. షట్టర్ వేగం మన చేతిలో ఉండదు. ఉపాధిగా తీసేవాళ్ళు పెద్ద కెమెరాకు హౌసింగ్ (నీళ్ళు చొరబడని పెట్టె) కొనుక్కోవాలి.

మన బోరు నీళ్ళ సున్నం సంగతి ఎవరూ చెప్పలేదు. కడిగి ఆరబెడితే లెన్సు ముందు గాజుపై తెల్ల మచ్చలు కట్టాయి. ఇప్పుడు చివరిసారి ఫిల్టరు నీళ్ళతో కడుగుతాను. కెమెరా మూతలు ఇంట్లో, చేతులు తుడుచుకున్నాకే తెరుస్తాను. రబ్బరు అంచున ఒక్క వెంట్రుక ఉన్నా నీరు దిగుతుంది.

బట్టల సంగతికొస్తే, సుల్తాన్ బజార్‌లో కొన్న రెండు మీటర్ల జార్జెట్ నీళ్ళలో పొగలా విచ్చుకుంటుంది, నూలు బరువెక్కి ఒంటికి చుట్టుకుంటుంది. చీర కట్టించి దింపను, కాళ్ళకు చుట్టుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. దిగేముందు గబగబా ఊపిరి పీల్చవద్దని ప్రతిసారీ చెబుతాను. పది సెకన్లు చాలు. గట్టున బాగా ఈత వచ్చిన మా బావగారు ఉంటారు. ఆయన చేతికి ఫోను కూడా ఇవ్వను.

2023లో దీని తర్వాతి మోడల్ టీజీ-7 వచ్చింది. మార్చలేదు. ఆ డబ్బులో కొంత పెట్టి మా అక్క కూతురికి ఈత మాస్టారిని కుదిర్చాను.